ఆరు మిషిగన్ చలికాలాలు చూసిన సైలేన్-సిలాక్సేన్ సీలర్

డెట్రాయిట్ చుట్టుపక్కల కాంక్రీట్ పాటియోలను (ఇంటిని ఆనుకుని ఆరుబయట వేసే గచ్చును) ఎముకలు కొరికే చలి కంటే, పగలు కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టే రోజులే ఎక్కువ పాడుచేస్తాయి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. పైపొరలో ఇంకిన నీటికి ఉబ్బే చోటు లేకపోతే పెచ్చులు లేస్తాయి. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, చీపురు గీతల ఫినిష్ ఉన్న పాటియో మీద కాంక్రీట్‌లోకి నీరు ఇంకకుండా కొట్టే నీటి ఆధారిత సైలేన్-సిలాక్సేన్ సీలర్‌ను ఆరు చలికాలాలు వాడి చూశాక నా మాట ఇది: పెచ్చులు ఆపడంలో బాగా పనిచేసింది. అయితే నీరు పోయే వాటం, జాయింట్లు, ఉప్పు సంగతి చూసుకోకుండా దీని మీదే భారం వేస్తే డబ్బు దండగ.

ఇది పైన పొరలా పరుచుకోదు. లోపలికి ఇంకి, కాంక్రీట్ రంధ్రాల గోడలకు నీరు అంటకుండా చేస్తుంది. రంధ్రాలు మూసుకుపోవు కాబట్టి నేలలోంచి వచ్చే ఆవిరి బయటికి పోతుంది. మెరిసే అక్రిలిక్ సీలర్‌తో పేచీ అక్కడే: కింది తేమ దాని అడుగున చిక్కుకుని తెల్లబారుతుంది, చలికి పొర లేస్తుంది, పైగా తడిస్తే కాలు జారుతుంది. మెరుపు కోరుకునేవారికి సైలేన్ సీలర్ నచ్చదు. వేసినట్టే కనిపించదు.

పని సగం శుభ్రం చేయడంలోనే ఉంది. కొత్త కాంక్రీట్ అయితే 28 రోజులు ఆగాలి. ముందుగా కొంచెం నీళ్లు పోసి చూడండి. తడి మచ్చ పడకపోతే పాత సీలర్ ఉన్నట్టు. దాన్ని తీయకుండా కొత్తది వేస్తే ఇంకదు. కడిగాక కనీసం 24 గంటలు ఆరనిచ్చి, 5 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య, మర్నాడు కూడా వాన లేని రోజు చూసుకుని, తక్కువ ఒత్తిడి చేతి స్ప్రేయర్‌తో కొట్టాలి. మొదటి కోటు తడి ఆరకముందే రెండోది. ఎక్కడైనా మడుగు కట్టితే వెంటనే రోలర్‌తో లాగేయాలి, లేకపోతే తెల్ల మరకలు పడతాయి. ఈ 192 చదరపు అడుగులకు రెండు కోట్లకూ కలిపి రెండున్నర గ్యాలన్లు పట్టింది. కిటికీ అద్దాలనూ మొక్కలనూ ముందే కప్పాలి.

ఇంటి గోడకూ పాటియో స్లాబుకూ మధ్య ఉన్న జాయింటును మాత్రం సీలర్ కంటే ముందే మూయాలి. సీలర్ తగిలిన అంచుకు, సందు పూడ్చే పాలీయురెథేన్ సరిగా అంటదు. అర అంగుళం సందుకు 5/8 అంగుళాల బ్యాకర్ రాడ్ (మెత్తటి నురగ కడ్డీ) దూర్చి, పైన పావు అంగుళం మందంలో తనంతట తానే సమంగా పరుచుకునే సెల్ఫ్ లెవెలింగ్ పాలీయురెథేన్ పోస్తే చాలు. ఈ సందు తెరిచి ఉంటే నీరు స్లాబు అడుక్కి చేరి, మట్టితో పాటు గడ్డకట్టి స్లాబును పైకెత్తుతుంది. వాటం కూడా అడుగుకు పావు అంగుళం చొప్పున ఇంటికి ఎదురు దిక్కుకు ఉండాలి. స్లాబు లేచినా కుంగినా ఏ సీలరూ సరిచేయలేదు.

చాలామందిని తికమక పెట్టేది మూడో ఏడు. నీళ్లు ముత్యాల్లా నిలవడం తగ్గుతుంది, సీలర్ పోయిందనుకుంటారు. ఎండకు పైపైన మాత్రమే అరుగుతుంది, లోపల పని చేస్తూనే ఉంటుంది. నీళ్లు పోసి పది నిమిషాలు చూడండి. కాంక్రీట్ నల్లబడితేనే మళ్లీ వేయాలి. ఇక్కడ ఆ అవసరం ఐదో ఏటి సెప్టెంబరులో వచ్చింది, గ్యాలనున్నరతో సరిపోయింది.

సీలర్ ఉందన్న ధీమాతో మంచు కరిగించడానికి రాళ్లుప్పు చల్లొద్దు. ఉప్పునీరు పైపొరను ఎప్పుడూ తడిగా ఉంచి, కరగడం గడ్డకట్టడం ఇంకా ఎక్కువసార్లు జరిగేలా చేస్తుంది. అమ్మోనియం నైట్రేట్, అమ్మోనియం సల్ఫేట్ ఉన్న మంచు కరిగించే మందులైతే కాంక్రీట్‌నే తినేస్తాయి, సంచి మీద తప్పక చదవండి. ఉప్పుకు బదులు వాడే కాల్షియం మెగ్నీషియం ఎసిటేట్ ఖరీదైనా మైనస్ 7 డిగ్రీల దాకా పనిచేస్తుంది. అంతకంటే చలిగా ఉంటే ఇసుక చల్లి, ప్లాస్టిక్ పారతో మంచు తీయడమే మేలు. కొత్త స్లాబుకు మొదటి చలికాలం ఏ రసాయనమూ వద్దు.

పెచ్చులు ఇప్పటికే చాలా మేర లేచిన పాటియోకు దీన్ని కొనకండి. ముందు రిపేర్ మోర్టార్‌తో పైపొర బాగుచేయించి, అది పూర్తిగా గట్టిపడ్డాక వేయండి.