కర్నూలు లాడ్జివాళ్లదే కదా అని గండికోట రిసార్టుకు వెళ్లాం

5కి 3 ఇస్తున్నా. ఆ మూడు కూడా ఎక్కువగా పాత అభిమానంతోనే, అందుకే ముందు ఆ సంగతి చెప్తాను.

2013లో మా నాయనను కడప నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లినప్పుడు వీళ్ల మొదటి లాడ్జిలో పదకొండు రోజులు ఉన్నాం. ఓనరే కౌంటర్లో కూర్చునేవాడు. నాయన నడక చూసి, మేం నోరు తెరిచి అడక్కముందే "మెట్లెక్కించొద్దన్నా, సాయంత్రానికి కింద రూము ఖాళీ అవుతుంది, అది ఇస్తా" అన్నాడు, ఇచ్చాడు. పొద్దున ఐదింటికల్లా ఒక పిల్లోడు బకెట్లతో వేన్నీళ్లు తెచ్చి గుమ్మం ముందు పెట్టి తలుపు కొట్టి వెళ్లేవాడు. గదులు చిన్నవి, గోడలకు సున్నమే. అయినా ఆ తర్వాత ఎవరు కర్నూలు వెళ్తున్నా అక్కడే దిగమని చెప్పేవాణ్ణి.

తర్వాత మంత్రాలయంలో ఒకటి, అనంతపురం హైవే పక్కన ఒకటి పెట్టారు. మంత్రాలయంలో రెండుసార్లు దిగాం, గురువారం రద్దీలో కూడా శుభ్రంగానే ఉంది. ఇప్పుడు గండికోట దారిలో రిసార్టు. 2025 డిసెంబరులో అమ్మను, పిల్లలను తీసుకుని రెండు రాత్రులకు వెళ్లాం.

చోటుకు వంక పెట్టలేం. తెల్లారకముందే కోటలోకి వెళ్లి, మసీదు దాటి బండల మీద కూర్చుంటే, ఎండ పడేకొద్దీ లోయ గోడలు ఒక్కో వరుసా ఎర్రబడుతూ, అడుగున పెన్నా నీళ్లు కనిపిస్తాయి. మా చిన్నది గంటసేపు ఫోను అడగలేదు. గది 3,800. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 లోపు గదులకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కదా, ఆ లెక్క బిల్లులో సరిగ్గానే వేశారు.

ఇబ్బంది అమ్మ గదిలో వచ్చింది. రాత్రి నుంచే గీజరు పని చేయలేదు. పొద్దున ఆరింటికి కౌంటర్లో ఉన్న అబ్బాయిని పక్క గది ఇమ్మంటే "ఖాళీగానే ఉంది సార్, కానీ గది మార్చాలంటే కర్నూలు ఆఫీసువాళ్లు ఓకే చెయ్యాలి, వాళ్లు పదింటికి గానీ రారు" అన్నాడు. గీజరు బాగు చేయించమంటే అది బిల్డింగు ఓనరు చూడాలట, వీళ్లది లీజేనట. స్థలం కొని కట్టాలంటే కోట్లు కావాలి కాబట్టి, ఉన్న బిల్డింగు లీజుకు తీసుకుని తమ పేరు పెట్టుకోవడం హోటళ్లవాళ్లు త్వరగా పెరిగే దారి, అందులో తప్పు లేదు. కానీ తాళంచెవి ఎదురుగా మేకుకు వేలాడుతుంటే, చలికి వణుకుతున్న డెబ్బై రెండేళ్ల మనిషికి దాన్ని తీసి ఇచ్చే హక్కు కౌంటర్లో ఉన్నవాడికి లేకపోతే ఎట్లా? చివరికి ఆ అబ్బాయే వంటింట్లో గంగాళంతో నీళ్లు కాచి, తనే మోసుకొచ్చి ఇచ్చాడు. అతని మీద నాకు ఏ కోపమూ లేదు. కోపమంతా అతని చేతులు కట్టేసినవాళ్ల మీదే.

ఇక టిఫిన్. ఉగ్గాని పెట్టినందుకు మొదట సంతోషపడ్డాను. కానీ ఉగ్గాని బొరుగులు తడిపి పిండి, పోపులో వేసి, పుట్నాల పొడి చల్లిన వెంటనే తినాలి. ఏడింటికి చేసి మూత పెట్టి తొమ్మిదింటికి వడ్డిస్తే ముద్ద అయిపోతుంది, అలాగే అయింది. బజ్జీలు చల్లారి నూనె కక్కాయి. రాత్రి రాగి సంగటి, నాటుకోడి పులుసు మాత్రం చాలా బాగున్నాయి, అమ్మ రెండోసారి అడిగి వేయించుకుంది.

ఓనరుగారు ఇది చదివితే నాది ఒకటే మాట: 2013లో మీరు కౌంటర్లో కూర్చుని చేసిన పని, ఇప్పుడు అక్కడ కూర్చున్న పిల్లోణ్ణీ చేయనివ్వండి. ఒక గది మార్చడానికి కర్నూలుకు ఫోను ఎందుకు?

వెళ్లేవాళ్లు చలికాలంలో అయితే సంచులు దించకముందే గీజరు వేసి చూసుకోండి. ఉగ్గాని కావాలంటే ఏడింటికే వెళ్లి వేడిగా ఉన్నప్పుడే తినండి.