షాట్‌కట్: వరస కుదిరాకే టైమ్‌లైన్ ఎక్కించండి

పెళ్లయిన వారానికి ప్రతి ఇంట్లోనూ ఒక ఫోల్డర్ తయారవుతుంది. పెదనాన్నగారి అబ్బాయి ఫోన్లోంచి ఎనభై క్లిప్పులు, పిన్ని ఐఫోన్లోంచి అరవై, ఎవరో గోప్రో కెమెరాతో తీసిన ఊరేగింపు, ఇవి చాలవన్నట్టు ఫ్యామిలీ గ్రూపులో పడ్డ వాట్సాప్ వీడియోలు. కత్తిరించడం, పాట వేయడం తర్వాతి మాట. ముందు ఎదుర్కోలు, గౌరీపూజ, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు జరిగిన వరసలో నిలబడాలి. షాట్‌కట్ అనే వీడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌ను ఇక్కడ పరీక్షించింది ఈ ఒక్క పనికే.

షాట్‌కట్ ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. చందా లేదు, లాగిన్ లేదు, బయటికి తీసిన వీడియో మీద వాటర్‌మార్క్ పడదు. 2017 జనవరి 10న మైక్రోసాఫ్ట్ ఆపేసిన మూవీ మేకర్‌లో క్లిప్పులు గళ్లలో బొమ్మల్లా వరసగా కనబడేవి, పట్టుకుని పక్కకు జరిపితే సరిపోయేది. ఆ అలవాటుతో షాట్‌కట్ తెరిస్తే మొదటి గంట చిరాకే. ఇందులో క్లిప్పులకు రెండు ఇళ్లున్నాయి: ప్లేలిస్ట్, టైమ్‌లైన్. ప్లేలిస్ట్ వంటకు ముందు కూరగాయలు తరిగి పెట్టుకునే పళ్లెం. టైమ్‌లైన్ పొయ్యి మీది గిన్నె. పళ్లెంలో ఎంత సర్దినా గిన్నెలో పడ్డవి కదలవు. ఈ తేడా తెలియక, ప్లేలిస్ట్‌లో వరస మార్చాక వీడియో మారలేదేమిటని తికమకపడేవాళ్లే ఎక్కువ.

ప్లేలిస్ట్ మాత్రం నిజంగా బాగుంది. పైన టూల్‌బార్‌లో ప్లేలిస్ట్ బటన్ నొక్కి, ఫోల్డర్లోని ఫైళ్లన్నీ ఎంచుకుని ఆ ప్యానెల్లోకి లాగి వదలండి. ప్యానెల్ మెనూలో సార్ట్ అని ఉంటుంది. పేరు ప్రకారం, తేదీ ప్రకారం అని రెండు దారులు. చూపు కూడా మార్చుకోవచ్చు: వివరాల పట్టిక, టైల్స్, ఐకాన్లు. వరస సరిచూసేటప్పుడు ఐకాన్లే మేలు, పంతులుగారి చేతిలో ఏముందో బొమ్మలో కనబడుతుంది. తప్పు చోట పడ్డ క్లిప్పును అక్కడే పట్టుకుని లాగి సరైన చోట వదిలేయొచ్చు. ఇటీవలి వెర్షన్లలో బిన్‌లు కూడా వచ్చాయి, అంటే ప్లేలిస్ట్ లోపలే చిన్న ఫోల్డర్ల లాంటివి. రెండు వందల క్లిప్పులు దాటితే ఘట్టానికొక బిన్ పెట్టుకోండి.

తేదీ ప్రకారం సార్ట్ ఒక్క నొక్కుతో పని తేల్చేలా కనబడుతుంది. చిక్కంతా అక్కడే. షాట్‌కట్ ముందు వీడియో లోపల రాసి ఉన్న చిత్రీకరణ సమయం చూస్తుంది, అది లేకపోతే ఫైల్ చివరిసారి మారిన తేదీ తీసుకుంటుంది. ఫోన్లు ఆ సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, రాస్తాయి కాబట్టి ఆండ్రాయిడ్, ఐఫోన్ క్లిప్పులు కలిపి వేసినా వరస బాగానే కుదురుతుంది. చాలా కెమెరాలకు టైమ్ జోన్ పట్టదు, గడియారంలో ఉన్న స్థానిక సమయాన్నే యూటీసీ గడిలో రాసేస్తాయి. మన దగ్గర ఆ తేడా 5 గంటల 30 నిమిషాలు. రాత్రి 9 గంటలకు గోప్రోతో తీసిన ఎదుర్కోలు ఊరేగింపు తెల్లవారుజామున 2:30కి జరిగినట్టు లెక్కలోకి వస్తుంది. ముహూర్తం 2:14కి అయితే తాళి కట్టాక ఎదుర్కోలు వచ్చినట్టు!

వాట్సాప్‌లో వచ్చినవి ఇంకో రకం. పంపేటప్పుడు వీడియోను కుదించి మళ్లీ తయారు చేస్తుంది కాబట్టి తీసిన సమయం పోతుంది. పేరులో తేదీ ఉంటుంది కానీ అది వాట్సాప్ చేతికి వచ్చిన తేదీ, పక్కన డబ్ల్యూఏ అక్షరాలతో ఒక వరస సంఖ్య. వీటిని ఏ సార్టూ కాపాడదు, చూసి చేత్తో పెట్టుకోవాల్సిందే. వీలైతే పంపినవాళ్లనే డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి. అప్పుడు అసలు ఫైల్ అలాగే వస్తుంది, బొమ్మ నాణ్యత కూడా దక్కుతుంది.

పోనీ పేరు ప్రకారం సార్ట్ చేద్దామంటే, అందులోనూ గోతులున్నాయి. పిక్సెల్ ఫోన్లు పేరులో వేసే సమయం యూటీసీ. 12వ తేదీ తెల్లవారుజామున 2:14 క్లిప్పు పేరులో 11వ తేదీ, 20:44 అని ఉంటుంది. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లు ఎక్కువగా స్థానిక సమయమే వేస్తాయి, కాబట్టి రెండిటినీ పేరుతో కలిపితే పొసగదు. గోప్రో పద్ధతి మరీ విచిత్రం. పొడుగాటి రికార్డింగ్‌ను ముక్కలు చేసి, ముక్క సంఖ్యను ముందు, షాట్ సంఖ్యను వెనక రాస్తుంది. జీఎక్స్010047, జీఎక్స్020047 ఒకే షాట్‌లోని మొదటి, రెండో ముక్కలు. పేరుతో సార్ట్ చేస్తే వాటి మధ్యలోకి జీఎక్స్010048 అనే వేరే షాట్ దూరుతుంది. చివరి నాలుగు అంకెలు చూసి జత కలుపుకోవాలి.

అందుకని గట్టి దారి ఒక్కటే: షాట్‌కట్ తెరవకముందే ఫైళ్ల పేర్లు మార్చడం. ఒక్కో ఫోన్‌కు ఒక్కో ఫోల్డర్ పెట్టి కాపీ చేసుకోండి. తర్వాత ఘట్టానికొక సంఖ్య ఇవ్వండి: 010 ఎదుర్కోలు, 020 గౌరీపూజ, 030 జీలకర్ర బెల్లం. పదేసి చొప్పున ఖాళీ వదిలితే రేపు మేనమామ ఫోన్లోంచి స్నాతకం క్లిప్పు బయటపడినా 005 అని ముందు దూర్చొచ్చు. సంఖ్యలన్నీ మూడంకెలే ఉండాలి. 1, 2, 10 అని రాస్తే అక్షరాల లెక్కన సార్ట్ చేసే ప్రోగ్రాముల్లో 10 వచ్చి 2 ముందు కూర్చుంటుంది. విండోస్‌లో అన్నీ ఎంచుకుని ఎఫ్2 నొక్కితే ఒకే పేరుతో సంఖ్యలు పడతాయి గానీ ముందు సున్నాలు పడవు. సున్నాలు కావాలంటే మైక్రోసాఫ్ట్ వారిదే పవర్‌టాయ్స్ వేసుకుని అందులోని పవర్‌రీనేమ్ వాడండి.

వరస కుదిరాక ఒక్కో క్లిప్పు మీద డబుల్ క్లిక్ చేసి, మొదలు దగ్గర ఐ, ముగింపు దగ్గర ఓ నొక్కితే పనికిరాని కొసలు పోతాయి. ఆ వెంటనే ప్లేలిస్ట్ కింది అప్‌డేట్ బటన్ నొక్కడం మరవొద్దు. నొక్కకుండా తర్వాతి క్లిప్పు తెరిస్తే కొసలు మళ్లీ వచ్చి చేరతాయి. ఇది షాట్‌కట్ తనంతట తానే గుర్తుంచుకోవాల్సిన పని, మన నెత్తిన పెట్టింది. అన్నీ అయ్యాక అన్ని క్లిప్పులూ ఎంచుకుని ప్లేలిస్ట్ మెనూలోంచి టైమ్‌లైన్‌కు చేర్చే ఆదేశం ఇస్తే, ఉన్న వరసలోనే ఒకదాని వెనక ఒకటి పడతాయి. విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ నుంచి నేరుగా టైమ్‌లైన్ మీదికి లాగితే ఈ భరోసా ఉండదు. ఎంచుకున్నవాటిలో ఏ ఫైల్‌ను పట్టుకుని లాగారో అది ముందుకు వచ్చే అవకాశం ఎక్కువ.

ఇక టైమ్‌లైన్. ఇంత మంచి ప్లేలిస్ట్ ఇచ్చినవాళ్లు టైమ్‌లైన్‌లో క్లిప్పుల చోటు మార్చడాన్ని ఎందుకింత మొండిగా ఉంచారో అర్థం కాదు. రిపుల్, అంటే ఒక క్లిప్పు కదిలితే వెనకవీ జరిగే ఏర్పాటు, ఆపి ఉన్నప్పుడు ఒక క్లిప్పును లాగి వేరే చోట వదిలితే, అక్కడున్నదాన్ని చెరిపేసి దాని మీద కూర్చుంటుంది. వదిలి వచ్చిన చోట ఖాళీ మిగులుతుంది, ఎక్స్‌పోర్ట్ చేస్తే అక్కడ నల్లతెర. యాపిల్ వారి ఐమూవీలో ఇదే పని చేస్తే మిగతా క్లిప్పులు సర్దుకుని చోటిస్తాయి. షాట్‌కట్‌లో లాగడం మానేసి కత్తిరించి అతికించడమే క్షేమం. క్లిప్పును ఎంచుకుని కంట్రోల్, ఎక్స్ నొక్కండి, వెనకవి ముందుకు జరిగి ఖాళీ మూసుకుంటుంది. ఆల్ట్‌తో బాణం గుర్తులు నొక్కుతూ కావలసిన అతుకు దగ్గరికి వెళ్లి కంట్రోల్, వి నొక్కితే అక్కడ దూరుతుంది. కింద ఆడియో ట్రాక్‌లో సన్నాయి ముందే పరిచి ఉంటే ఆగండి. అన్ని ట్రాకులకూ రిపుల్ వర్తించే బటన్ ఆపి ఉంటే బొమ్మ జరుగుతుంది, సన్నాయి జరగదు. గట్టిమేళం తాళి దగ్గర కాక తలంబ్రాల దగ్గర మోగుతుంది. సంగీతం చివర్లో వేసుకుంటే ఈ గొడవే ఉండదు.

మొదటి క్లిప్పు ఏది పడుతుందన్నదీ ముఖ్యమే. వీడియో మోడ్ ఆటోమేటిక్‌లో ఉంటే మొదట వేసిన క్లిప్పు కొలతలే ప్రాజెక్ట్ కొలతలవుతాయి. వాట్సాప్ నుంచి వచ్చిన నిలువు వీడియో ముందు పడితే సినిమా అంతా సన్నగా నిలబడుతుంది. ప్రాజెక్ట్ మొదలుపెట్టేటప్పుడే 1080పీ అని ఎంచుకోండి, ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలన్నది, ఎక్కువ క్లిప్పుల్లో ఏది ఉంటే అది. ఫోన్ వీడియో తెరిచినప్పుడు ఫ్రేమ్ రేట్ నిలకడగా లేదు, మార్చమంటారా అని అడిగితే సరే అనండి. కాదంటే పొడుగు క్లిప్పుల్లో మంత్రం ఒకచోట, పెదవులు ఒకచోట కావచ్చు. మార్చిన ఫైళ్లు పెద్దవి, డిస్క్‌లో చోటు చూసుకోండి.

ఫొటోలకు 4 సెకన్లు డిఫాల్ట్. ప్రాపర్టీస్‌లో మార్చుకోవచ్చు.

ఓపిగ్గా ముందు సర్ది తర్వాత ఎక్కించేవాళ్లకు షాట్‌కట్ హాయిగా ఉంటుంది, డబ్బు ఖర్చూ లేదు. టైమ్‌లైన్ మీదే అటూ ఇటూ మార్చి చూస్తూ కథ కుదుర్చుకునేవాళ్లు, మ్యాక్ ఉంటే ఐమూవీకే వెళ్లడం మంచిది. విండోస్ వాళ్లు, ల్యాప్‌టాప్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే, డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చూడొచ్చు. అందులో పక్కపక్క క్లిప్పులను ఒకదానితో ఒకటి మార్చడానికి ప్రత్యేక షార్ట్‌కటే ఉంది.

ఏది వాడినా ప్రాజెక్ట్ మొదలయ్యాక ఫైళ్ల పేర్లు ముట్టుకోకండి. షాట్‌కట్ ప్రాజెక్ట్ ఫైల్‌లో వీడియోలు ఉండవు, అవి ఎక్కడున్నాయో చిరునామాలే ఉంటాయి. పేరు మారినా, పెన్‌డ్రైవ్ తీసేసినా తెరవగానే దొరకని ఫైళ్ల జాబితా చూపిస్తుంది. అక్కడ డబుల్ క్లిక్ చేసి కొత్త చోటు చూపించాలి.