ఒకే ఐకాన్, పది బుక్‌మార్కులు: క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్‌లను కౌంటర్ మీద ఏళ్ల తరబడి వాడాక

అమీర్‌పేటలో గానీ దిల్‌సుఖ్‌నగర్‌లో గానీ ఏ ఆన్‌లైన్ సెంటర్‌కి వెళ్లినా, కౌంటర్ మీది కంప్యూటర్‌లో అడ్రస్ బార్ కింది బుక్‌మార్కుల ఐకాన్ల వరస ఇంచుమించు ఇలాగే ఉంటుంది: రాజముద్ర, రాజముద్ర, గ్లోబు, రాజముద్ర, పచ్చ షీటు, పచ్చ షీటు, గ్లోబు. అందులో ఒకటి కరెంటు బిల్లు, ఒకటి నల్లా బిల్లు, ఒకటి ఇంటిపన్ను, ఒకటి ఆదాయ ధ్రువపత్రం. రోజూ కూర్చునే మనిషికి ఏది ఎక్కడుందో అలవాటు కాబట్టి చేయి సరిగ్గా పోతుంది. ఐకాన్ చూసి మాత్రం ఎవరూ చెప్పలేరు. షిఫ్ట్ మారి ఇంకొకరు కూర్చుంటే తప్పు క్లిక్కులు మొదలవుతాయి.

విండోస్ మీద క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింటినీ ఇదే పనికి చాలా కాలంగా వాడుతున్నాం. స్పీడు, మెమరీ సంగతులు ఇక్కడ రాయడం లేదు. ఒకేలాంటి ఐకాన్లున్న బుక్‌మార్కులతో ఏ బ్రౌజర్ ఎంతవరకు నెట్టుకొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నంతవరకే ఈ సమీక్ష.

తప్పు లింకు నొక్కితే వెనక్కి వస్తే సరిపోతుంది కదా అంటారు. ఇంట్లో సరిపోతుంది, కౌంటర్ మీద సరిపోదు. మామూలుగా బుక్‌మార్కు నొక్కితే ఇప్పుడున్న ట్యాబ్‌లోనే తెరుచుకుంటుంది. అందులో సగం నింపిన ఫారం ఉంటే అది పోయినట్టే. మళ్లీ లాగిన్, మళ్లీ క్యాప్చా, కస్టమర్ ఫోన్‌కి మళ్లీ ఓటీపీ. ఇంకో రకం ఇబ్బంది: నల్లా బిల్లు అనుకుని కరెంటు పేజీ తెరిచి క్యాన్ నంబర్ (నల్లా కనెక్షన్ నంబర్) కొడతాం, వివరాలు లేవని వస్తుంది. ఎదురుగా నిలబడ్డ పెద్దాయన తన నంబరే తప్పేమోనని ఇంటికి ఫోన్ చేస్తుంటాడు. అందుకే ముందు ఒక జాగ్రత్త. బుక్‌మార్కుని మౌస్ మధ్య బటన్‌తో, లేదా కంట్రోల్ పట్టుకుని నొక్కండి, కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఈ అలవాటు కూడా అక్కర్లేదు. అడ్రస్ బార్‌లో about:config అని కొడితే వచ్చే ఎబౌట్ కాన్ఫిగ్ పేజీలో 'లోడ్‌బుక్‌మార్క్స్‌ఇన్‌ట్యాబ్స్' అన్న వరస వెతికి దాన్ని ట్రూ చేస్తే ప్రతి బుక్‌మార్కూ కొత్త ట్యాబ్‌లోనే వస్తుంది. ఈ ఒక్క సెట్టింగ్ కోసం ఫైర్‌ఫాక్స్‌కి మారినా తప్పులేదని మా అభిప్రాయం.

ఐకాన్లు ఎందుకు కలిసిపోతున్నాయో తెలిస్తేనే ఏది మన చేతిలో ఉందో, ఏది లేదో తేలుతుంది. ఫేవికాన్ అనే ఈ చిన్న ఐకాన్ 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో వచ్చింది. బుక్‌మార్కుల బార్‌లో దానికి దొరికే చోటు ఇప్పటికీ అడ్డం 16, నిలువు 16 చుక్కలు, అంటే 256 చుక్కలు. తెలంగాణ రాజముద్రలో కాకతీయ కళాతోరణం ఉంది, అందులో చార్మినార్ ఉంది, పైన మూడు సింహాలున్నాయి. కాగితం మీద బాగుంటుంది. 256 చుక్కల్లోకి కుదిస్తే తోరణమూ లేదు, చార్మినారూ లేదు, పచ్చగా గుండ్రంగా ఏదో మరక మిగులుతుంది. కేంద్ర ప్రభుత్వ పోర్టళ్లలో కనిపించే జాతీయ చిహ్నం ఇంకాస్త సన్నటి నల్లటి మరక. ఒక్క సైటుకే అయితే మరకైనా ఫరవాలేదు. పది సేవలకు అదే మరక అయినప్పుడే చిక్కు.

రెండో కారణం సాంకేతికం. పేజీలో ఐకాన్ ఏదో చెప్పకపోతే బ్రౌజర్ ఆ సైటులో అన్నిటికంటే పై ఫోల్డర్‌లో ఉండే ఫేవికాన్ ఫైలు కోసం అడుగుతుంది. ఒకే డొమైన్ కింద వేర్వేరు ఫోల్డర్లలో నడిచే సేవలన్నిటికీ ఆ ఒక్క ఫైలే దిక్కు. అదీ లేకపోతే గ్లోబు. కట్టినవాళ్లు టూల్‌తో వచ్చిన ఐకాన్‌ని అలాగే వదిలేసినా ఇదే గతి: యాంగ్యులర్ డాలు, రియాక్ట్ అణువు గుర్తు, టామ్‌క్యాట్ పిల్లి. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో లోపలి టూల్స్‌ని బుక్‌మార్క్ చేసుకునేవాళ్లకి ఈ వరస బాగా తెలుసు. అక్కడ దీనివల్ల కౌంటర్ కంటే పెద్ద ప్రమాదం ఉంది. టెస్టింగ్ సర్వర్‌కీ అసలు సర్వర్‌కీ ఒకటే ఐకాన్ ఉంటే, టెస్టు డేటా అనుకుని అసలు డేటాని చెరిపేయడానికి ఒక్క తప్పు క్లిక్కు చాలు.

మూడోది లాగిన్ దారి మళ్లింపు. బుక్‌మార్కు నొక్కగానే సైటు మనల్ని ఉమ్మడి లాగిన్ పేజీకి పంపిస్తే, బ్రౌజర్ ఆ లాగిన్ పేజీ ఐకాన్‌ని తెచ్చి మన బుక్‌మార్కుకి అతికించే అవకాశం ఉంది. ఒకే లాగిన్ వాడే సేవలన్నీ అలా ఒకే ముఖంతో కనిపిస్తాయి. దీనికి విరుగుడు, లాగిన్ అడగని ముందు పేజీని బుక్‌మార్క్ చేసుకోవడం. లాగిన్ అయ్యాక వచ్చే పేజీని పెట్టుకోవద్దు. దాని అడ్రస్‌లో ఆ ఒక్క లాగిన్‌కే చెల్లే సెషన్ నంబర్ ఇరుక్కుని ఉంటే మర్నాటికి అది పనిచేయదు.

ఇవన్నీ ఒక ఎత్తు, పేర్లు ఒక ఎత్తు. ఐకాన్లు ఒకటే అయినా పక్కన పేరుంటే చదువుకోవచ్చు కదా! కానీ కంట్రోల్+డి కొట్టి బుక్‌మార్క్ చేసినప్పుడు బ్రౌజర్ పేజీ టైటిల్‌నే పేరుగా తీసుకుంటుంది. చాలా సర్కారు పేజీల టైటిల్ ముందు ప్రభుత్వం పేరు, తర్వాత శాఖ పేరు, ఆ తర్వాత ఎక్కడో చివర్లో సేవ పేరు. బార్ మీద కొన్ని అక్షరాలకే పేరు తెగిపోతుంది. దాంతో పక్కపక్కనే నాలుగు పచ్చ మరకలు, నాలుగింటి పక్కనా 'గవర్నమెంట్ ఆఫ్ తె' అని. ఐకాన్ తేడా చెప్పనప్పుడు ఆ భారం పేరు మొదటి రెండు మూడు అక్షరాల మీద పడుతుంది. అక్కడే అన్నీ ఒకటైతే ఇక చూసేదేమీ లేదు.

కాబట్టి పేర్లు మార్చడమే అసలు మందు. మిగతావన్నీ దాని తర్వాతే. రైట్ క్లిక్, ఎడిట్, పేరు చెరిపి మళ్లీ రాయడం. మేం పెట్టే పేర్లు కస్టమర్ నోటి నుంచి వచ్చే మాటలే: నల్లా, కరెంటు, ఇంటిపన్ను, ఆదాయం, కులం, ఈసీ (ఆస్తి మీది అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), బర్త్. 'ఆదాయ ధ్రువపత్రం', 'నివాస ధ్రువపత్రం' అని పూర్తిగా రాస్తే చివరి సగం మళ్లీ ఒకటే అయిపోయి చోటు తినేస్తుంది. 1366 పిక్సెళ్ల పాత మానిటర్ మీద పొడుగు పేర్లు పెడితే సగం బుక్‌మార్కులు కుడి చివర బాణం గుర్తు వెనక్కి పోతాయి. ఒక్క మాటతో సరిపెడితే రోజూ కావలసినవన్నీ బార్ మీదే ఉంటాయి.

తెలుగులో పేరు పెడితే ఒక చిక్కుంది. కంటికి తొందరగా ఆనుతుంది, నిజమే. కానీ అడ్రస్ బార్‌లో ఇంగ్లీష్ కీబోర్డుతో 'వాటర్' అని కొడితే 'నల్లా' అన్న బుక్‌మార్కు పేరుతో దొరకదు. అందుకని ముందు తెలుగు మాట, దాని వెనక ఇంగ్లీష్ మాట రాయాలి. బార్ మీద తెలుగు కనిపిస్తుంది, వెతుకులాటకి ఇంగ్లీష్ పనికొస్తుంది. క్రోమ్‌లో అడ్రస్ బార్‌లో ఎట్ గుర్తు కొట్టి, వచ్చిన జాబితాలో బుక్‌మార్క్స్ ఎంచుకుంటే వాటిలోనే వెతుకుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో నక్షత్రం గుర్తు, ఒక ఖాళీ, ఆ తర్వాత మాట.

ఇక బ్రౌజర్ల సంగతి. చోటు మిగులుతుందని పేర్లు తీసేసి ఐకాన్లు మాత్రమే ఉంచుకునే అలవాటు చాలామందికి ఉంది. వేర్వేరు ఐకాన్లున్న సైట్లకు అది మంచి పద్ధతే. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో అలా చేయాలంటే పేరునే చెరిపేయాలి. చెరిపితే పేరుతో వెతకడం కూడా పోతుంది, మౌస్ ఆనించినా అడ్రస్ తప్ప ఏమీ కనిపించదు. ఎడ్జ్‌లో రైట్ క్లిక్ మెనూలోనే ఐకాన్ మాత్రం చూపించు అనే ఎంపిక ఉంది. పేరు లోపల భద్రంగా ఉంటుంది, కావాలంటే మళ్లీ బయటికి తెచ్చుకోవచ్చు. ఐకాన్ తేడాగా ఉన్నవాటికి పేరు దాచి, ఒకేలా ఉన్నవాటికి పేరు ఉంచడం ఎడ్జ్‌లో ఉన్నంత సుఖంగా ఇంకెక్కడా లేదు. ట్యాబ్‌లను ఎడమ పక్కన నిలువుగా పేర్లతో సహా చూపించే సదుపాయం కూడా ఎడ్జ్‌లో ఉంది. అడ్డంగా ఉండే ట్యాబ్‌లు ఎక్కువైతే చివరికి ఐకాన్లే మిగులుతాయి కాబట్టి, అన్నీ ఒకే మరక అయిన కౌంటర్లకి ఇది చాలా పనికొస్తుంది.

ఫైర్‌ఫాక్స్ బలం వేరే చోట ఉంది. బుక్‌మార్కుల మధ్య విడదీసే గీత పెట్టుకోవచ్చు: బిల్లులు ఒక పక్క, ధ్రువపత్రాలు ఒక పక్క, రిజిస్ట్రేషన్ పనులు ఇంకో పక్క. ఐకాన్ సాయం లేనప్పుడు ఈ గీతలే కంటికి ఆనవాళ్లు. ఎడిట్ పెట్టెలో కీవర్డ్ అనే గడి కూడా ఉంది. అందులో రెండు అక్షరాలు పెట్టుకుని, అడ్రస్ బార్‌లో అవి కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా పేజీ. చేతులు కీబోర్డు మీదే ఉండే డేటా ఎంట్రీవాళ్లకి ఐకాన్ గొడవే ఉండదు.

క్రోమ్‌లో పనికొచ్చేది ట్యాబ్ గ్రూపులు. నాలుగైదు పేజీలను ఒక గ్రూపు చేసి పేరు, రంగు ఇచ్చి సేవ్ చేస్తే, బుక్‌మార్కుల బార్ మీద ఆ రంగులోనే కనిపిస్తుంది. ఫోల్డర్లన్నిటికీ ఒకే ఐకాన్, మార్చే వీలు లేదు. రంగు ఇచ్చే అవకాశం గ్రూపుల్లోనే ఉంది.

గూగుల్ షీట్స్ వాడే కౌంటర్లకి ఇంకో రకం ఇబ్బంది. రోజువారీ క్యాష్, స్టాంపు పేపర్ల స్టాక్, బాకీల లెక్క, ఏ ఫైలైనా అదే పచ్చ ఐకాన్. ఇక్కడ టైటిల్‌లో ఫైలు పేరే ముందు వస్తుంది కాబట్టి కొంత నయం. అయితే తర్వాత ఫైలు పేరు మార్చినా బుక్‌మార్కులో పాత పేరే ఉంటుందని మరవొద్దు. ఒకే ఫైలులో వేర్వేరు షీట్లు ఉంటే, కావలసిన షీటు తెరిచి అప్పుడు బుక్‌మార్క్ చేయాలి. ఆ షీటు నంబర్ అడ్రస్ చివర్లో ఉంటుంది కాబట్టి నేరుగా దాని మీదకే వెళుతుంది. రెండు మెయిల్ అకౌంట్లు వాడేవాళ్లు మాత్రం జాగ్రత్త. ఐకాన్ ఒకటే, అడ్రస్‌లో తేడా 0, 1 అన్న అంకెలే. ఆ అంకెలు లాగిన్ అయిన వరసను బట్టి పడతాయి. వరస తారుమారైతే సెంటర్ మెయిల్ బదులు సొంత మెయిల్ తెరుచుకుంటుంది. దీనికి పేర్లు మార్చడం సరిపోదు. బ్రౌజర్ ప్రొఫైల్‌నే (లాగిన్లు, బుక్‌మార్కులు విడిగా ఉండే ఏర్పాటు) రెండుగా విడగొట్టాలి.

ఐకాన్లు మార్చే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి గానీ, అలాంటివాటిలో చాలావరకు అన్ని సైట్లలోని మీ సమాచారాన్ని చదివి మార్చే అనుమతి అడుగుతాయి. ఇతరుల ఆధార్ నంబర్లు, కార్డు వివరాలు నడిచే కంప్యూటర్‌లో ఒక ఐకాన్ కోసం ఆ అనుమతి ఇవ్వడం తగదు. బుక్‌మార్కులను ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైలులో ఐకాన్ మార్చి తిరిగి ఎక్కించే ఉపాయమూ ఉంది. సైటుకి సొంత ఐకాన్ ఉంటే పేజీ తెరవగానే మళ్లీ అదే వచ్చి కూర్చుంటుంది, శ్రమ దండగ.

ఒక్కోసారి సైటు ఐకాన్ మారినా బార్ మీద పాతదో తప్పుదో అతుక్కుపోతుంది. క్రోమ్‌లో హిస్టరీ మొత్తం చెరిపినా అది పోదు, ఎందుకంటే బుక్‌మార్క్ చేసిన పేజీల ఐకాన్లను అది విడిగా కాపాడుతుంది. అడ్రస్ బార్‌లో chrome://version కొట్టి వెర్షన్ పేజీ తెరిస్తే ప్రొఫైల్ పాత్ అని ఫోల్డర్ దారి కనిపిస్తుంది. దాన్ని కాపీ చేసుకుని, బ్రౌజర్ పూర్తిగా మూసి, ఆ ఫోల్డర్‌లో ఫేవికాన్స్ అనే ఫైలు పేరు మార్చాలి. చెరపొద్దు, పేరు మారిస్తే చాలు, తేడా వస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు. మళ్లీ తెరిచినప్పుడు అన్నీ గ్లోబులైపోతాయి, ఒక్కో పేజీ తెరిచే కొద్దీ ఐకాన్లు వస్తాయి. కౌంటర్ రద్దీగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకండి.

దీనితోపాటే అడ్రసులూ సరిచూసుకోవాలి. 2024లో వాహనాల కోడ్ టీఎస్ నుంచి టీజీకి మారాక శాఖల పేర్లు, వాటి వెంట కొన్ని వెబ్ అడ్రసులు కూడా మారాయి. పాత అడ్రస్ కొన్నాళ్లు కొత్తదానికి మళ్లిస్తుంది, ఐకాన్ మామూలుగానే కనిపిస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఆ డొమైన్‌ని శాఖ వదిలేస్తే, అది సర్కారుకే ఇచ్చే gov.in రకం కాకపోతే, రేపు దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. రాజముద్ర ఐకాన్‌ని కాపీ చేసి నకిలీ పేజీకి పెట్టడం నిమిషం పని. డబ్బు కట్టే పేజీల బుక్‌మార్కులను తెరిచి, చివరికి ఏ అడ్రస్ వస్తుందో చూసి, ఎడిట్‌లో దాన్నే రాసుకోండి.

సైట్లు కట్టేవాళ్లకు కూడా ఒక మాట. డొమైన్‌కి ఒకటి కాకుండా, ప్రతి సేవ పేజీలోనూ దాని ఐకాన్ ఏదో విడిగా చెప్పండి. రాజముద్ర పేజీ పైభాగంలో పెద్దగా ఉండనివ్వండి, 16 చుక్కల్లోకి దాన్ని నెట్టకండి. దానికి బదులు గట్టి రంగు గడిలో ఒకే ఒక్క అక్షరం చాలు: కరెంటుకి క, నల్లాకి న, ఇంటిపన్నుకి ఇ. వత్తులున్న అక్షరం వద్దు, అంత చిన్నగా ముద్దయిపోతుంది. పక్కపక్క సేవలకు ప, వ పెట్టొద్దు, ఆ సైజులో రెండింటికీ తేడా కనిపించదు. రంగు ఒక్కటే మార్చి ఊరుకోవడమూ వద్దు, రంగులు సరిగా కనబడనివాళ్లు కౌంటర్లలోనూ ఉంటారు. టైటిల్‌లో సేవ పేరు ముందు, శాఖ పేరు వెనక. టెస్టింగ్ సర్వర్ ఐకాన్‌కి వేరే రంగుతో పాటు వేరే అక్షరం కూడా ఉండాలి. ఐకాన్ మార్చినప్పుడు ఫైలు పేరు కూడా మార్చండి. పాత పేరే ఉంచితే, బ్రౌజర్లు దాచుకున్న పాత మరకే మా కౌంటర్ల మీద ఇంకొన్నాళ్లు కనిపిస్తుంది.