ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో బీఎస్సీ: పట్టా చేతికొచ్చాక నా సమీక్ష

ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌తో బీఎస్సీ దూరవిద్యలో పూర్తిచేశాను. మొదటి సెమిస్టర్ నుంచి చివరి పరీక్ష దాకా ఫుల్‌టైమ్ ఉద్యోగంలోనే ఉన్నాను. చేరేముందు నాకు దొరికిన అభిప్రాయాలన్నీ చేరిన కొత్తలో రాసినవే. వీడియోలు బాగున్నాయి, యాప్ బాగుంది అనేవాళ్లే అందరూ. ఇన్నేళ్లు చదివాక నా మాట వేరు. ఇలాంటి డిగ్రీలో అన్నిటికంటే తక్కువ విలువ ఆ వీడియోలదే. అసైన్‌మెంట్లు ఎంత శ్రద్ధగా దిద్ది పంపుతారు, ప్రాక్టికల్స్ మన చేత ఎంతవరకు చేయిస్తారు, ఈ రెండూ చూసే ఏ కోర్సుకైనా మార్కులు వేయాలి.

మంచి లెక్చర్లు కావాలంటే బయట ఉచితంగానే ఉన్నాయి. ఎంఐటీ తన కోర్సుల సామగ్రిని అందరికీ అందుబాటులో పెడతానని 2001లోనే ప్రకటించింది. రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, క్యాలిక్యులస్ పుస్తకాలు పైసా కట్టకుండా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పైగా ఆఫీసు పని ముగించి, నీరసంగా కూర్చుని లెక్చర్ చూస్తుంటే అంతా అర్థమైపోతున్నట్టే ఉంటుంది. వీడియో ఆపి, కాగితం తీసి, అదే డెరివేషన్ సొంతంగా మొదలుపెడితే మూడో లైన్లో బండి ఆగుతుంది. అందుకే కొన్నాళ్లకు పద్ధతి మార్చాను. లెక్కలు పొద్దున్నే, ఆఫీసు మెయిల్ తెరవకముందు. వీడియోలు, చదవాల్సిన పాఠాలు రాత్రికి. రాత్రి పదింటికి ఇంటిగ్రేషన్ చేయగలిగేవాళ్లు ఉంటారేమో, వాళ్లకో దండం.

ఇంట్లో చేసే ప్రయోగాలను నేను మొదట్లో తేలిగ్గా తీసుకున్నాను గానీ, నిజంగా నేర్పింది అవే. లోలకం ప్రయోగమే చూడండి. మీటరు పొడవున్న లోలకం ఒకసారి ఊగి రావడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో మన చేయి 0.2 సెకన్ల దాకా అటూ ఇటూ అవుతుంది. ఒక్క ఊపునే కొలిస్తే అది 10 శాతం తేడా. జీ (గురుత్వ త్వరణం) విలువ లెక్కలో ఆ కాలం వర్గం అవుతుంది కాబట్టి తేడా 20 శాతానికి పోతుంది. అదే 20 ఊపులు కలిపి కొలిస్తే 40 సెకన్లలో 0.2, అంటే అర శాతం. జీ విలువలో ఒక్క శాతం. దారం, చిన్న ఇనుప గుండు, ఫోన్ ఉంటే చాలు.

రిపోర్టు దిద్దిన ట్యూటర్ ఒకే ప్రశ్న రాసి పంపారు: పొడవును గుండు పైభాగం దాకా కొలిచారా, మధ్య దాకానా? గుండు వ్యాసార్థం 2 సెంటీమీటర్లయితే, ఆ ఒక్క చోటే 2 శాతం పోతుంది. ఊపులన్నీ ఓపిగ్గా లెక్కపెట్టి గెలుచుకున్నది కాస్తా టేపు దగ్గర పోగొట్టుకోవడమే. కొలతలో తేడా ఎక్కడినుంచి వస్తుందో వెతకడం నాకు ఆ ప్రశ్నతోనే అలవాటైంది. అలాంటి ప్రశ్న వేసే మనిషి అవతల ఉన్నారా లేదా అన్నదే ఫీజుకు న్యాయం జరిగిందా లేదా అన్నది తేలుస్తుంది. కొన్ని సబ్జెక్టుల్లో నాకు వచ్చింది టిక్కు, మార్కు, అంతే.

ఇంటి ప్రయోగాలకు ఫైఫాక్స్ యాప్ బాగా పనికొచ్చింది. జర్మనీలో ఆహెన్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో తయారైంది. ఫోన్‌లోని సెన్సార్లతోనే త్వరణం, ధ్వని, అయస్కాంత క్షేత్రం కొలవచ్చు. తెర మీదే ప్రయోగాలు చేసి చూసే ఫెట్ సిమ్యులేషన్లు కూడా వాడాను. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. విషయం అర్థం కావడానికి అవి చాలా మంచివి. అయితే అక్కడ ఘర్షణ వద్దనుకుంటే ఒక్క నొక్కుతో మాయమవుతుంది. దాన్నే ప్రాక్టికల్ అని లెక్కలో వేసే కోర్సుతో జాగ్రత్త.

కెమిస్ట్రీకి ఈ కిటుకులేవీ పనిచేయవు. టైట్రేషన్ అంటే ఒక ద్రావణంలో ఇంకోటి చుక్కచుక్కగా కలుపుతూ గాఢత కనుక్కోవడం. వీడియోలో చూస్తే ప్రతి టైట్రేషనూ ఒకేలా ఉంటుంది. ల్యాబ్‌లో బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) స్టాప్‌కాక్ మీద సొంత చేయి పడ్డాకే అసలు సంగతి తెలుస్తుంది. ఒక్క చుక్క సుమారు 0.05 మిల్లీలీటర్లు. రంగు మారి చూపే ఫినాల్ఫ్తలీన్ ఉన్న ఫ్లాస్కులో లేత గులాబీ రంగు వచ్చి, తిప్పగానే పోతుంది. ఇంకో చుక్కకూ పోతుంది. ఆ తర్వాతి చుక్కకు నిలబడిపోతుంది. అక్కడ ఆగాలి. ఫ్లాస్కు కింద తెల్ల టైలు పెట్టడం, కంటిని ద్రవమట్టానికి సమానంగా దించి మెనిస్కస్ (ద్రవం పైన ఏర్పడే వంపు) అడుగు అంచు చూడడం, ఇవన్నీ ల్యాబ్ వారంలో పక్కన నిలబడ్డ డెమాన్‌స్ట్రేటర్ చూపిస్తే వచ్చాయి. కెమిస్ట్రీ, బయాలజీ ల్యాబుల్లో ఉద్యోగం కోసం చదవాలనుకునేవాళ్లకు నేను ఈ దారి చెప్పను. మ్యాథ్స్, ఫిజిక్స్, ఖగోళశాస్త్రం అయితే నిస్సంకోచంగా చెప్తాను.

సమయం లెక్క చేరేముందే వేసుకోవాలి, ప్రచారపత్రంలోని ‘మీకు వీలైనప్పుడు చదువుకోండి’ని నమ్మి కాదు. బ్రిటన్‌లో ఆనర్స్ డిగ్రీ అంటే 360 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 10 గంటల చదువు. మొత్తం 3,600 గంటలు. అక్కడి ఓపెన్ యూనివర్సిటీలో చాలామంది ఏడాదికి 60 క్రెడిట్ల చొప్పున ఆరేళ్లు చదివేది అందుకే. మన ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటలు. క్రెడిట్ అనే మాట ఒకటే అయినా గంటలు వేరు, కాబట్టి రెండు కోర్సులను పోల్చేటప్పుడు గంటల్లోకి మార్చి చూడండి. వారానికి 12 గంటలు దాటితే నా ఉద్యోగం దెబ్బతినేది. సబ్జెక్టులు తగ్గించుకుని, కోర్సును సాగదీసుకున్నాను. అలా తగ్గించుకునే వీలున్న కోర్సులో చేరడం నేను చేసిన తెలివైన పని.

ఆఫీసులో చదువు సంగతి దాచకండి. పరీక్షల వారంలో సెలవు అడిగినప్పుడు పనికొస్తుంది. ‘ఇప్పుడెందుకు ఈ చదువు?’ అనేవాళ్లు ఎలాగూ అంటారు.

ఆన్‌లైన్ పరీక్షలు నాకు నచ్చలేదు. కెమెరాకు గదంతా తిప్పి చూపించాలి. జవాబులు కాగితం మీద రాసి, ఇచ్చిన గడువులోపు స్కాన్ చేసి ఎక్కించాలి. సమీకరణాలను టైప్ చేయమనే పేపర్లు ఇంకా ఘోరం. వచ్చిన జవాబు కూడా బ్రాకెట్ల మధ్య చిక్కుకుపోతుంది. సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్ష ఎంచుకునే వీలుంటే అదే ఎంచుకోండి, ప్రయాణం ఉన్నా సరే.

నా పెద్ద ఫిర్యాదు ల్యాబ్ తేదీల మీద. ఒకసారి నాకు సెలవు మంజూరయ్యాక మా సంస్థ తేదీలు మార్చింది. మళ్లీ మేనేజర్‌ని బతిమాలి, తోటి ఉద్యోగితో డ్యూటీ మార్చుకుని వెళ్లాల్సి వచ్చింది. అందుకే చేరేముందు అడ్మిషన్ల వాళ్లకు మెయిల్ పెట్టి మూడు విషయాలు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ల్యాబ్ తేదీలు ఎన్ని నెలల ముందు ఖరారవుతాయి, ఒక బ్యాచ్ తప్పితే అదే ఏడాది ఇంకో బ్యాచ్ ఉంటుందా, అసైన్‌మెంట్లు దిద్ది ఎన్నాళ్లలో వెనక్కి ఇస్తారు. ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ఫీజు కట్టకండి.