సోషల్ మీడియాలో సైన్స్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ఎక్స్‌ని ఇంకా ట్విట్టర్ అనే రోజుల నుంచీ నేను సోషల్ మీడియాను ఎక్కువగా సైన్స్ కోసమే వాడుతున్నాను. తర్వాత యూట్యూబ్, రెడిట్, కొన్ని ఫేస్‌బుక్ గ్రూపులు, ఈమధ్య బ్లూస్కై వచ్చి చేరాయి. నాకు ల్యాబ్‌తో సంబంధం లేదు. చదవడం, అర్థం కానిది అడగడం, అర్థమైనంత మేర నలుగురికీ చెప్పడం, అంతే నా పని. ఇన్నేళ్లు వాడాక గట్టిగా అనిపించేది ఇదీ: కొత్త ఫలితం ఏమిటో తెలుసుకోవడానికి సోషల్ మీడియాను నమ్ముకోలేం. ఆ ఫలితం నిగ్గు ఎలా తేలుస్తారో చూడటానికి మాత్రం సామాన్య పాఠకుడికి ఇంతకు మించిన చోటు లేదు. జర్నల్ పేపర్‌లో తేలిన మాటే కనిపిస్తుంది, తేలకముందు జరిగిన వాదన ఇక్కడ కనిపిస్తుంది.

ఎల్‌కే-99 ఉదంతం చూసినవాళ్లకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. 2023 జులై 22న కొందరు దక్షిణ కొరియా పరిశోధకులు పరిశోధన పత్రాలు ఉంచే ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైట్‌లో ఒక ప్రీప్రింట్ పెట్టారు. అంటే వేరే నిపుణులు ఇంకా సరిచూడని పేపర్. సీసం, రాగి, భాస్వరం, ఆక్సిజన్ కలిసిన ఎల్‌కే-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రతలో, మామూలు వాతావరణ పీడనంలో సూపర్‌కండక్టర్‌గా పనిచేస్తుందని, అంటే కరెంటును ఏమాత్రం నిరోధం లేకుండా పోనిస్తుందని అందులో రాశారు. అప్పటిదాకా రుజువైన సూపర్‌కండక్టర్లన్నిటికీ గడ్డకట్టించే చలో, విపరీతమైన పీడనమో కావాలి. ఇక ఊరుకుంటారా? కొద్ది రోజుల్లోనే ఫీడ్ ఎటు చూసినా అదే. సూపర్‌కండక్టర్ అయితే అయస్కాంతం మీద గాల్లో తేలుతుంది. అయస్కాంతం మీద పెట్టిన చిన్న ముక్క ఒకవైపు పైకి లేచి, ఇంకోవైపు అంచు ఆనుకుని ఉన్న వీడియో లెక్కలేనన్ని సార్లు కళ్లబడింది.

నాకు అసలు చదువు ఆ వీడియో కింది రిప్లైల్లో దొరికింది. ముక్క పూర్తిగా తేలడం లేదు, ఒక అంచు కింద తగులుతోంది కదా అని అడిగినవాళ్లున్నారు. సూపర్‌కండక్టర్ కాకపోయినా, ఇనుములా అయస్కాంత గుణమున్న ముక్క కూడా ఇలా ఓరగా లేవగలదని ఇంకొందరు వివరించారు. తర్వాత చైనాలో ఒక బృందం అలాంటి ముక్కనే తయారుచేసి ఆ మాట నిజమేనని చూపించింది. పేపర్‌లోని గ్రాఫులో దాదాపు 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పడిపోతుంది. సూపర్‌కండక్టివిటీకి అదే పెద్ద సాక్ష్యం అనుకున్నారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే రసాయన శాస్త్రవేత్త ప్రశాంత్ జైన్‌కి ఆ అంకె ముందే తెలుసు. ఎల్‌కే-99 తయారీలో మలినంగా మిగిలిపోయే కాపర్ సల్ఫైడ్ సరిగ్గా ఆ వేడి దగ్గరే ఒక దశ నుంచి ఇంకో దశకి మారుతుంది, దాని నిరోధం కూడా అక్కడే మారిపోతుంది. జర్మనీలోని ష్టుట్‌గార్ట్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్లు మలినాలు లేని స్ఫటికాలు పెంచి చూస్తే అవి ఊదారంగులో పారదర్శకంగా వచ్చాయి. సూపర్‌కండక్టర్ సంగతి అటుంచి, కరెంటును దాదాపుగా పోనివ్వని ఇన్సులేటర్ అని తేలింది. ఆగస్టు సగం దాటేసరికి కథ ముగిసింది.

నెల తిరక్కుండా ఒక పెద్ద వాదాన్ని ప్రపంచం చూస్తుండగా పరీక్షించి పక్కన పెట్టారు. దీన్ని పరువు తక్కువగా చూసేవాళ్లున్నారు, నేను చూడను. సైన్స్ అంటే ఎవరో పెద్దాయన చెప్పేదే అనుకునే వాళ్లెందరో నిరోధం గ్రాఫు ఎలా చదవాలో, మలినం ఎంత మోసం చేయగలదో అప్పుడే మొదటిసారి విన్నారు. బాధల్లా ఒక్కటే. మొదటి వారం ఊదరగొట్టిన పెద్ద ఖాతాల్లో చివరికి ఏం తేలిందో చెప్పినవి నాకు కనిపించింది తక్కువ.

ఇది నా ఒక్కడి ఫీడ్ గొడవ కాదు. 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన దాదాపు 1,26,000 కథనాలను ఎంఐటీ పరిశోధకులు పరిశీలించి 2018లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. నిజం కంటే అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం 70 శాతం ఎక్కువట. తప్పు బాట్లది, అంటే మనుషులు కాక ప్రోగ్రామ్‌లు నడిపే ఖాతాలది అనుకుని వాటిని తీసేసి చూసినా తేడా అలాగే ఉంది. అంటే పంచింది మనుషులే. అబద్ధంలో కొత్తదనం ఎక్కువ, అందుకే చెయ్యి ఊరుకోదు.

ఇందుకు నేను తరచూ చెప్పే ఉదాహరణ అంగారకుడి మెసేజ్. 2003 ఆగస్టు 27న అంగారకుడు దాదాపు 5.58 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు, సుమారు 60,000 ఏళ్లలో అంత దగ్గరగా రాలేదు. అప్పుడు తిరిగిన ఈమెయిల్‌లో, 75 రెట్లు పెద్దది చేసి చూస్తే అంగారకుడు మామూలు కంటికి కనిపించే పౌర్ణమి చంద్రుడంత ఉంటాడని రాశారు. ఆ మాట సరైనదే. చేతులు మారేకొద్దీ 75 రెట్ల సంగతి రాలిపోయి, ఆకాశంలో ఇద్దరు చందమామలు కనిపిస్తారన్నది మిగిలింది. అది ఆ తర్వాత ఎన్నో ఆగస్టుల్లో మళ్లీ మళ్లీ వచ్చింది. ఎవరైనా పంపినప్పుడు ఫేక్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే లాభం లేదు, పంపినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. అందుకని లెక్క చెబుతాను. ఆ రోజు అంగారకుడి వెడల్పు మనకు కనిపించింది దాదాపు 25 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). చంద్రుడిది దాదాపు 1,800. భాగిస్తే 72 వస్తుంది, 75 ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. ఈ లెక్క చూశాక చాలామంది గొడవపడరు, ఇంకో ప్రశ్న అడుగుతారు. ఆ రెండో ప్రశ్న కోసమే నేను ఇంకా రిప్లైలు రాస్తున్నాను.

మనసు పెట్టి ఫాలో అయ్యే ఖాతా ఒకటి చెప్పమంటే ఎలిసబెత్ బిక్ పేరు చెబుతాను. ఆవిడ మైక్రోబయాలజిస్టు. పరిశోధన పత్రాల్లోని ఫొటోల్లో ఒకే భాగం రెండు చోట్ల వాడటాన్ని పట్టుకుంటారు. 2016లో సహ పరిశోధకులతో కలిసి 20,621 పేపర్లు పరిశీలించి, వాటిలో 3.8 శాతం పేపర్లలో అనుమానించదగ్గ బొమ్మలున్నాయని ప్రచురించారు. అప్పుడప్పుడూ ఒక ఫొటో పెట్టి, తేడా కనిపెట్టండి చూద్దాం అని జనాన్నే అడుగుతారు. ఫోన్‌లో దాన్ని పెద్దది చేసుకుని, పై వరుసలో ఒక మచ్చనీ దాని పక్కనున్న రెండు చుక్కలనీ గుర్తుపెట్టుకుని కింది వరుసంతా వెతుకుతాను. అవే మచ్చ, అవే చుక్కలు, కాకపోతే అటు తిప్పి పెట్టి ఉంటాయి! డిగ్రీ అక్కర్లేదు, ఓపిక చాలు. పేపర్‌లో అచ్చయిందంటే ఇక తిరుగులేదన్న భావన నాకు పోయింది ఈ పోస్టుల వల్లే, అయినా సైన్స్ మీద నమ్మకం పోలేదు. తప్పును బయటపెట్టేవాళ్లూ శాస్త్రవేత్తలే కదా.

జనం చూస్తూ కూర్చోవడమే కాదు, సరుకు అందించిన సందర్భాలూ ఉన్నాయి. కెనడాలో ఆల్బెర్టా అరోరా చేజర్స్ అనే ఫేస్‌బుక్ గ్రూపు సభ్యులు ఆకాశంలో ఊదారంగు సన్నని చారను ఎన్నోసార్లు ఫొటో తీశారు. అది మామూలు అరోరాలా, అంటే ధ్రువప్రాంతాల ఆకాశంలో రాత్రిళ్లు కనిపించే వెలుగులా లేదు. వాళ్లే సరదాగా స్టీవ్ అని పేరు పెట్టుకున్నారు. నాసాకి చెందిన ఎలిజబెత్ మెక్‌డొనాల్డ్, మరికొందరు శాస్త్రవేత్తలు ఆ ఫొటోలను పట్టించుకున్నారు. ఐరోపా అంతరిక్ష సంస్థ స్వార్మ్ ఉపగ్రహం అలాంటి చార గుండా వెళ్లినప్పటి కొలతలు వెతికి చూస్తే, 300 కిలోమీటర్ల ఎత్తులో, దాదాపు 25 కిలోమీటర్ల వెడల్పున, సెకనుకు 6 కిలోమీటర్ల వేగంతో పడమరకు పారుతున్న వేడి వాయుప్రవాహమని తెలిసింది. 2018లో వచ్చిన పేపర్‌లో ఆ గ్రూపు సభ్యులు కూడా రచయితలుగా ఉన్నారు. శాస్త్రవేత్త వచ్చి ఉపన్యాసం ఇచ్చి వెళ్లిపోవడం కాదు, మీ దగ్గరేముందో చూపించండి అని అడగడం! ఈ పద్ధతి ఇంకా ఎందుకు పెరగలేదో నాకు అర్థం కాదు.

ఇక మింగుడుపడనిది. 2019 ఏప్రిల్ 10న మొదటి బ్లాక్‌హోల్ చిత్రం విడుదలైనప్పుడు ఆ బృందంలోని కంప్యూటర్ శాస్త్రవేత్త కేటీ బౌమన్ ఆనందంగా ఉన్న ఫొటో వైరల్ అయింది. 200 మందికి పైగా ఉన్న బృందం చేసిన పని అని ఆవిడే స్పష్టంగా రాశారు. అయినా కొందరు కోడ్‌లో ఎవరు ఎన్ని లైన్లు రాశారో లెక్కలు తీసి, ఆవిడకి పేరు రాకూడదని విరుచుకుపడ్డారు. అసలు పేరు ఇతనిదే అని వాళ్లు ముందుకు తెచ్చిన అదే బృందంలోని ఆండ్రూ చేలే ఆ దాడిని ఖండించాడు. మహిళా శాస్త్రవేత్తల పోస్టుల కింద ఇలాంటి రోత నేను చూస్తూనే ఉన్నాను. మంచిగా చెప్పేవాళ్లు విసిగి మానేస్తే నష్టం మనకే. ఐదులో స్టార్లు తగ్గించడానికి నాకిదే పెద్ద కారణం.

ప్లాట్‌ఫామ్‌ల సంగతి క్లుప్తంగా. ఎక్స్‌లో 2023 ఏప్రిల్‌లో ఖాతా అసలైనదని చెప్పే పాత నీలి టిక్కులు తీసేసి డబ్బు కట్టేవాళ్లకే ఉంచాక, ఎవరు నిపుణులో చూడగానే తెలియడం లేదు. నేను ఫాలో అయ్యేవాళ్లు చాలామంది బ్లూస్కైకి వెళ్లారు. 2024 ఫిబ్రవరిలో ఆహ్వానం అవసరం లేకుండా తెరిచినప్పటి నుంచీ అక్కడ చర్చ ప్రశాంతంగా ఉంది, కాకపోతే సైన్స్‌తో పరిచయం లేనివాళ్లు తక్కువ. రెడిట్‌లో సైన్స్ ప్రశ్నలు అడిగే ఆస్క్‌సైన్స్ అనే విభాగం నాకు బాగా నచ్చింది, ఊహాగానాలనూ సొంత అనుభవాల కబుర్లనూ మోడరేటర్లు నిర్దాక్షిణ్యంగా తీసేస్తారు. యూట్యూబ్‌లో నేను చూసేది ఒకటే, తప్పు తెలిశాక ఛానెల్ ఏం చేస్తుందని. కుర్ట్స్‌గెసాగ్ట్ 2019లో తమ ప్రమాణాలకు తగ్గట్టు లేవని రెండు పాత వీడియోలు తీసేసి, ఎందుకు తీసేశారో చెప్పింది. ఆ రోజు నుంచి ఆ ఛానెల్ మీద గౌరవం పెరిగింది. రీల్స్ సైన్స్‌కి సరిపడవు. ఎలా తెలిసింది అన్నది చెప్పే వ్యవధి అందులో ఉండదు.

మొత్తానికి ఐదుకి మూడున్నర ఇస్తాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అల్గోరిదం ఇచ్చే ఫీడ్ వదిలేసి, తమ రంగం గురించి మాత్రమే మాట్లాడే శాస్త్రవేత్తలతో ఒక లిస్టు చేసుకోండి. పేపర్ లింకు లేని సంచలనాన్ని పంచకండి. లింకు ఉంటే అది ప్రీప్రింటా, సరిచూసిన పేపరా అన్నది ముందు చూడండి. ఆ తర్వాత పోస్టు కన్నా కింది రిప్లైలకే ఎక్కువ సమయం ఇవ్వండి.