ముదురు టీల్ ఎమల్షన్: మూడో కోటుకు సిద్ధమైతేనే కొనండి

ఇంటి లోపలి గోడలకు వేసే మంచి ఎమల్షన్ పెయింట్‌లో ముదురు టీల్ కలిపించి ఒక్క గోడకు వేస్తే చాలు, హాలు కళే మారిపోతుంది. నెమలికంఠానికి దగ్గరి రంగు ఇది. దీని ముందు టేకు సోఫా, ఇత్తడి కుందులు, ఆవపసుపు రంగు దిండ్లు ఏవి పెట్టినా తేలి కనిపిస్తాయి. రంగుకు పూర్తి మార్కులు వేస్తాను. తెల్ల పెయింట్ లెక్కలతో దీన్ని కొంటేనే తంటా.

లేత రంగుల్లో టైటానియం డయాక్సైడ్ దండిగా ఉంటుంది. కింది గోడను కప్పేది అదే. టీల్‌ను కలిపేది డీప్ బేస్‌లో, అంటే ముదురు రంగులు కలపడానికి షాపులో వాడే మూల పెయింట్‌లో. అందులో ఆ తెల్లపొడి చాలా తక్కువ. అందుకే రెండు కోట్లు పడ్డాక కూడా రోలర్ చారలు, కింద పుట్టీ తెలుపు కనిపిస్తూనే ఉంటాయి. పెయింటర్‌ను తప్పుపట్టే ముందు ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే పూత చూడండి. ప్రైమర్‌లోనే షాపులో బూడిద రంగు కలిపిస్తే మూడు కోట్లకు గోడ నిండుగా కప్పుకుంటుంది. తెల్ల ప్రైమర్ మీదైతే నాలుగోది కూడా అడగవచ్చు.

12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గోడంటే 120 చదరపు అడుగులు. మూడు కోట్లకు రెండు లీటర్లు పెట్టుకోండి. లీటరు ప్యాకులో డీప్ బేస్ సుమారు 900 మిల్లీలీటర్లే ఉంటుంది, మిగతా చోటు మెషిన్ పోసే రంగులకు. డబ్బాలన్నీ ఒకేసారి కలిపించి, పెద్ద బకెట్‌లో పోసి బాగా తిప్పాకే మొదలుపెట్టించండి. సగం గోడయ్యాక కొత్త డబ్బా తెరిస్తే అతుకు దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

వేసేటప్పుడు ఫ్యాన్ ఆపాలి. గాలికి అంచు త్వరగా ఆరి, దాని మీద రోలర్ మళ్లీ వెళ్లిన చోట చార పడుతుంది. మూలలు బ్రష్‌తో దిద్ది, అవి ఆరకముందే రోలర్ తిప్పాలి; లేదంటే గోడ చుట్టూ ఫ్రేము కట్టినట్టు ముదురు అంచు మిగులుతుంది. తడి మీద రంగు లేతగా కనిపిస్తే కంగారు పడొద్దు, ఆరాక ముదురుతుంది.

చెన్నైలో అసలు శత్రువు చెమ్మ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో కోటుకూ కోటుకూ మధ్య నాలుగు గంటలు చాలవు, రాత్రంతా వదిలేయండి. బాత్రూమ్‌ను ఆనుకున్న గోడకు, ఉప్పు పొంగే గోడకు టీల్ వద్దే వద్దు. తెల్ల గోడ మీద కనబడని ఉప్పు దీని మీద ముగ్గుపిండి చల్లినట్టుంటుంది. ముందు లీకు మాన్పించి, గోడ పూర్తిగా ఆరాకే రంగు మాట.

ఫినిష్ విషయంలో నా ఓటు కాస్త మెరుపుండే సాఫ్ట్ షీన్‌కే. మెరుపు లేని మ్యాట్ చూడ్డానికి గొప్పగా ఉంటుంది కానీ గోరు తగిలినా తెల్లగీత పడుతుంది. సోఫా వెనక తలనూనె మరకలు తుడిస్తే ఆ చోటు మెరుస్తుంది. షీన్‌లో పుట్టీ ఎగుడుదిగుళ్లు బయటపడతాయి గనుక 220 నంబరు సాండ్‌పేపర్ పని దగ్గరుండి చేయించుకోవాలి. వేసిన నెల వరకు తడిగుడ్డ తగలనివ్వొద్దు.

షేడ్ కార్డు చూసి నిర్ణయించకండి. చిన్న డబ్బా కలిపించి రెండడుగుల చార్టు మీద రెండు కోట్లు వేసి, రాత్రి మీ లైట్ల కింద చూడండి. 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ కింద నీలం వైపు, 3000 కెల్విన్ పసుపు వెలుగులో ఆకుపచ్చ వైపు మొగ్గుతుంది.

అద్దె ఇల్లయితే ఓనర్‌ను అడిగాకే మొదలుపెట్టండి. దీన్ని మళ్లీ తెల్లగా మార్చడానికి ప్రైమర్, దాని మీద రెండు మూడు కోట్లు పడతాయి, ఆ ఖర్చు అడ్వాన్సులోంచే పోతుంది.