ఏ యోయో కొనాలి: ఉబ్బుగా ఉన్నదా, సీతాకోక రకమా?

కురుమూర్తి జాతరలోనో, నల్గొండ బజారులోనో పిల్లలకు యోయో కొనేటప్పుడు రంగు చూసి తీసుకుంటాం. చూడాల్సింది అంచు.

రెండు బిళ్లలూ బయటికి ఉబ్బి, మధ్యన సందు సన్నగా ఉంటే అది పాతకాలపు ఆకారం. బరువు నడిమికి దగ్గరగా ఉంటుంది కాబట్టి, ముందుకు విసిరి ఆపకుండా మళ్లీ విసిరే లూపింగుకు ఇదే హాయి. 50 గ్రాముల చుట్టూ ఉంటే మణికట్టు గుంజదు. కానీ తిరుగుతుండగా దారం మీదికి ఎక్కించి చూడండి, అంచుకు తగిలి పక్కకు జారిపోతుంది.

సీతాకోక రకం అంచుల దగ్గర విచ్చుకుని ఉంటుంది, దారం సులువుగా సందులో పడుతుంది. అసలు కిటుకు బరువు ఎక్కడుందన్నదే. 65 గ్రాముల్లో ఎక్కువ భాగం అంచున ఉంటే, అంతే బరువు నడుమ ఉన్నదానికన్నా ఎక్కువసేపు, నిలకడగా తిరుగుతుంది. అయితే వెడల్పు బేరింగు ఉన్నవి చాలావరకు చేయి గుంజితే పైకి రావు, దారాన్ని మడిచి సందులోకి అందించాలి. కొత్త పిల్లలు అక్కడే విసిగిపోతారు.

మొదటిసారి కొంటే మాత్రం సీతాకోక ఆకారంలోనే, గుంజగానే తిరిగొచ్చేది తీసుకోండి. దారం నేల నుంచి పిల్లవాడి బొడ్డు దాకా ఉంచి, మిగతాది కత్తిరించండి.